ఆపకూడని బండి

పోయిన వారం కథ ఆర్మూర్‌లో మెకానిక్ గంగాదాస్ షెడ్డు ముందర ఆగింది. నరేష్ పికప్ బండి పసుపు సంచులతో ఆలూర్ రోడ్డు మీద మొండికేసింది. ఎంత తొక్కినా లాగలేదు. ఎడ్లబండి నడకన షెడ్డు చేరింది. బండి కొన్ననాటి నుంచీ దానికి డ్రైవరు ఏసయ్యే. గంగాదాస్ తన మిషిన్ తగిలించి చూసి, పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు నిండిపోయిందన్నాడు. "లైటు ముందుగాల్నే వస్తది. చూసుకోవాలె గద," అన్నాడు. అంతే, షెడ్డులో ఉన్నవాళ్ళంతా చూస్తుండగా నరేష్ తనకంటే పెద్దవాడైన ఏసయ్య చేతిలోంచి తాళంచెవి గుంజుకున్నాడు. "కండ్లు ఏడ పెట్టుకొని నడిపినవ్?" అని ఒర్రాడు. ఏసయ్య తల దించుకుని బండి వెనక్కి నడిచాడు.

జవాబు లేక కాదు. చెప్పలేక.

సంచులు దించారు. బండి వట్టిదయింది. ఏసయ్య అలవాటు కొద్దీ వెనక డాలా తలుపు మూసి గొళ్ళెం వేశాడు. వేశాక, అది ఇక తన పని కాదని గుర్తొచ్చినట్టు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. గంగాదాస్ అది చూశాడు. చూసి, నరేష్ వైపు తిరిగాడు.

"దీన్ని డీపీఎఫ్ అంటరు. మసిని బైటికి పోనియ్యది, తన లోపల్నే పట్టుకుంటది. బండి రోడ్డు మీద మంచిగ ఉరికినప్పుడు లోపల వేడి పుట్టి ఆ మసి కాలి బూడిదైతది. మీ బండి ఉరికేదేడ? చేను కాడికెల్లి కల్లం, కల్లం కాడికెల్లి ఉడకబెట్టే కాడికి, ఆడికెల్లి పాలిష్ డ్రమ్ము కాడికి. పొయ్యి మీద నీళ్ళు పెట్టుడు, మరగకముందే దించుడు. రోజూ గిదే పనాయె. ఇంకెప్పుడు కాలాలె?"

"మరి ఇప్పుడేం చేద్దాం?"

"మిషిన్‌తోని కాలుడు నేను మొదలుపెట్టిస్త. కని ఈడ నిలవెట్టి కాలపెట్టరాదు. పక్కకే గోనె సంచుల గోదాం. పొగగొట్టం ఎంత కాలుతదో నీకు తెల్వది. పెర్కిట్ కాడ పెద్ద రోడ్డు ఎక్కు. సోన్ బ్రిడ్జి దాక పోయి రా. ఒక్కతీరు స్పీడు. నడుమ ఆపద్దు. ఇంజన్ బందు చెయ్యద్దు. చేసినవా, మల్ల మొదటికొస్తది. ఈసారి గూడ కాలకపోతే ఇగ ఫిల్టరు మార్చుడే."

"తీసి పారేస్తే కాదా? మస్తుమంది తీపిచ్చిండ్రు గద."

"తీసినోళ్ళ కాడికి పో. గా మసి తాగేది మన పోరగాండ్లే. నేనైతే ముట్ట."

గంగాదాస్ స్టీరింగ్ కింద అగ్గిపెట్టెంత వస్తువొకటి తగిలించాడు. నరేష్ ఫోనులో అంకెలు వచ్చాయి. మసి ఎంత ఉంది, వేడి ఎంత ఉంది అన్నీ అందులోనే కనబడతాయట. మసి తొంభైకి మీద ఉంది. "గీ అంకె దిగుతుండాలె. దిగుడు ఆగినా, ఎక్కినా చూసుకోవాలె. నడిపేటోడు ఫోను చూడరాదు. పక్కకొకరు కూసోవాలె."

నరేష్ చుట్టూ చూశాడు. గంగాదాస్ గడ్డంతో ఏసయ్యను చూపించాడు. "ఆయనకు ఎరుక బండి సప్పుడు. ఆయననే కూసోపెట్టుకో."

నరేష్ తాళంచెవి పట్టుకుని డ్రైవరు సీటెక్కాడు.

అప్పుడు బల్ల మీద కూర్చున్న ముత్తవ్వ లేచింది. నరేష్ తల్లి. కండ్లద్దాల కాడ విరిగితే బాగుచేయించుకుందామని పొద్దున్నే ఆర్మూర్ వచ్చింది. బండి సంగతి తెలిసి షెడ్డు కాడికి వచ్చి కూర్చుంది. ఒళ్ళో స్టీలు డబ్బా.

"సోన్ అంటే బాల్కొండ మీదికెల్లే గద పోయేది. మా అక్కకు గీ గారెలిచ్చి పోదాం."

"అవ్వా, ఆపద్దు అంటున్నడు. వినవడుతలేదా?"

"ఆపకు. జర మెల్లగ పోనియ్యి. కిటికీలకెల్లి అందిస్త."

"అది బస్సు కాదే, గంపలందియ్యనీకి."

అప్పటికే ఆమె ఒక కాలు పైన పెట్టింది. ఏసయ్య మోచెయ్యి పట్టి ఎక్కించాడు. ముత్తవ్వ నడుమ కూర్చుంది. ఏసయ్య కిటికీ పక్కన. అతనికి ఆ సీటు కొత్త. కాళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియక కొంతసేపు కదిపాడు. కుడికాలు లేని బ్రేకు కోసం వెతికింది.

పెర్కిట్ దాటాక పెద్ద రోడ్డు ఎక్కారు. రెండు వైపులా పసుపు చేన్లు. తవ్వినచోట ఎర్రమట్టి, తవ్వనిచోట ఎండిన ఆకు. ఒకచోట కల్లంలో ఉడికిన కొమ్ములు ఆరబోసి, ఆడోళ్ళు కాళ్ళతో తిరగేస్తున్నారు. ఆ ఉడుకు పసుపు వాసన కిటికీలోంచి వచ్చి, బండి కింది నుంచి వస్తున్న కాలుడు వాసనతో కలిసింది. ముత్తవ్వ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఎనభై ఎనిమిది," అన్నాడు ఏసయ్య ఫోను చూస్తూ.

నరేష్ రోడ్డునే చూస్తూ అయిదో గేరు వేశాడు.

"నాలుగో గేరుల పోతే జర జల్ది వేడెక్కుతది."

"నాకు నేర్పకు."

బాల్కొండకు దూరం చూపే బోర్డు దాటేదాకా నరేష్ అయిదో గేరులోనే పోయాడు. దాటాక, ఎవరూ చూడనట్టు, నాలుగో గేరుకు దించాడు. ఇంజన్ గొంతు పెరిగింది. ఏసయ్య కిటికీ బయటికి చూశాడు. ముత్తవ్వకు ఇద్దరి మోచేతులూ తగులుతున్నాయి. ఇద్దరూ ఆమెకు తగలకుండా ఒదిగి కూర్చున్నారు. ఆమె మాత్రం గోడలా నడుమ ఉంది.

"ఎనభై."

బాల్కొండ వచ్చింది. ఊరి కమాను కాడ ముత్తవ్వ అక్క నిలబడి ఉంది. ముత్తవ్వ ముందే ఫోను చేసి చెప్పినట్టుంది. పెద్దవ్వ బండిని గుర్తుపట్టి చెయ్యెత్తింది. చెల్లె కోసం తెచ్చిన చింతపండు మూటను కూడా ఎత్తింది.

"నరేషూ, పెద్దవ్వరా!"

"చూసిన."

"జర మెల్లగ..."

"అవ్వా, మెల్లగ అయితే వేడి దిగుతది," అన్నాడు ఏసయ్య. ఆ మాట అన్నందుకు తానే సిగ్గుపడ్డాడు.

బండి ఆమె ముందునుంచి సర్రున పోయింది. ముత్తవ్వ డబ్బా గుండెలకు పట్టుకుని వెనక్కి తిరిగి చూసింది. పెద్దవ్వ ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. కొంచెం సేపటికి ముత్తవ్వ చేతిసంచిలో మీటల ఫోను మోగింది. చెవికి పెట్టుకోకముందే గొంతు క్యాబినంతా నిండింది.

"ఓసి ముత్తీ! కండ్లు నెత్తికెక్కినయా? ఎండల నిలవడి చెయ్యెత్తితే మొఖం తిప్పుకొని పోతవా?"

"అక్కా, అక్కా, జర ఇను. బండి కడుపుల మసి కాలుతుందంట. ఆపరాదంట."

"కాలవెట్టు నీ బండిని!"

"గదే కాలుతుందే!"

పెద్దవ్వ ఫోను పెట్టేసింది. నరేష్‌కు ముందు నవ్వు వచ్చింది. ఆపుకోబోతే ముక్కులోంచి వచ్చింది. ఏసయ్య ఫోను మీదికి వంగి భుజాలు ఊపాడు. ముత్తవ్వ ఇద్దరినీ తిట్టింది. "నవ్వుండ్రి, నవ్వుండ్రి. రేపు దాని ఇంటికి పోయేది నేను."

ఆ నవ్వులో ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. చూసుకోగానే పొద్దుటి సంగతి ఇద్దరికీ గుర్తొచ్చింది. నవ్వు ఆగింది.

"ఏసన్నా," అన్నాడు నరేష్. గొంతు తగ్గింది కానీ మెత్తబడలేదు. "ఒక్కమాట అడుగుత. లైటు వచ్చిందా, రాలేదా?"

"వచ్చింది."

"ఎప్పుడు?"

"చలి మొదలైనంక. ఒస్తుండె, పోతుండె."

"మరి నాకెందుకు చెప్పలే?"

ఏసయ్య ఫోను చూశాడు. "డెబ్బై రెండు."

"నేనడిగింది అది కాదు. సరే, ఇంకోటి చెప్పు. దినాం పొద్దూకినంక వట్టి బండేసుకొని పెర్కిట్ మీదికెల్లి చుట్టు తిరిగి పోతుంటివి. మీటరు నేను చూడలేదనుకున్నవా? ఏసయ్య బయట కిరాయిలు కొడుతుండని నలుగురు చెప్పిండ్రు నాకు. నీ మొఖం మీద అడగలేక, చుట్టు తిరగద్దు, సీదా ఇంటికి పొమ్మన్న. అంతే గద?"

"అంతే."

"కిరాయిలు కొట్టినవా?"

"లే."

"మరి ఏడికి పోతుంటివి?"

ఏసయ్య ఫోను అద్దాన్ని బొటనవేలితో తుడిచాడు.

"పెద్ద రోడ్డెక్కి జక్రాన్‌పల్లి దాక పోయి మర్లితే లైటు పోతుండె. ఎందుకు పోతదో నాకు తెల్వది. పోతుండె. గందుకే పోతుంటి. ఇంటికి పోయేవరకు రాత్రైతుండె, కృప లొల్లి వెడుతుండె. ఏ పెండ్లామైనా పెడతది. నువ్వు చుట్టు తిరగద్దంటివి. బందు వెట్టిన."

నరేష్ కాలు కొంచెం సడలింది. బండి వేగం తగ్గింది.

"తొక్కు, తొక్కు," అన్నాడు ఏసయ్య. "దిగుతుంది, ఆగనియ్యకు."

నరేష్ తొక్కాడు. చుట్టు తిరగొద్దని తాను అన్నది సంక్రాంతి ముందర. బండి లాగడం తగ్గింది ఆ తర్వాతే. ఈ లెక్క ఎవరూ పైకి చెప్పలేదు. కానీ అతని చెవులు ఎర్రబడ్డాయి. ముత్తవ్వకు తెలుసు, చిన్నప్పటినుంచీ తప్పు చేసినట్టు తనకు తెలిస్తే వాడికి చెవులే ఎర్రబడతాయి.

అయినా నరేష్ వదలలేదు. "ఉండు. లైటొస్తే నాకెందుకు కనవడలే? నేను గూడ నడిపిన గద ఎన్నోసార్లు. ఇప్పుడు నడుపుతున్న. ఏడుంది లైటు? చూపెట్టు."

ఏసయ్య మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

సరిగ్గా అప్పుడే పైన ఇంకో రోడ్డు పోయే వంతెన కిందికి దూరింది బండి. ఎండ ఒక్కసారిగా పోయింది. క్యాబిన్‌లో చీకటి పడింది. ముత్తవ్వ కండ్లు నరేష్ ముందున్న మీటరు అద్దం మీద ఉన్నాయి. అద్దం మూలకు దసరాకు తాను పెట్టిన బొట్టు ఉంది. సొంత చేను పసుపు నూరి, నడుమ కుంకుమ అద్దిన బొట్టు. రూపాయి బిళ్ళంత. ఆ బొట్టు వెలుగుతోంది. పసుపు కొమ్ము విరిచి ఎండకు పట్టినట్టు, లోపలినుంచి.

వంతెన అయిపోయింది. ఎండ పడింది. బొట్టు మామూలు బొట్టయింది.

"నరేషూ, గా బొట్టేందిరా, మెరిసింది?"

"ఏ బొట్టు?"

"నేను పెట్టిన బొట్టు."

ముత్తవ్వ ముందుకు వంగి రెండు చేతులూ దొప్పలా చేసి అద్దానికి అడ్డం పెట్టింది.

"అవ్వా! స్పీడు కనవడతలేదు, చేతులు తియ్యి!"

"ఆగుర." ఆమె దొప్పలోకి తొంగి చూసింది. వెలుగు ఉంది. ఆరిపోలేదు. చేతులు తీసి, ఏసయ్య కాళ్ళ దగ్గరున్న నీళ్ళ సీసాలో కొంగు తడిపి బొట్టు మీద రుద్దింది. రుద్దితే కొంగు జారింది. పసుపు అంటుకోలేదు. ఇంకోసారి రుద్దింది. నున్నగా ఉంది, గాజు మీద గాజులా.

గోరు పెట్టి చూసింది. అంచు లేచింది. బొట్టు మీద, బొట్టంత మేరకు కత్తిరించిన పారదర్శకపు టేపు.

"గీ టేపు ఎవలేసిండ్రు?"

"నేనైతే ఎయ్యలే," అన్నాడు నరేష్.

ఇద్దరూ ఎడమవైపు చూశారు. నరేష్ వెంటనే మళ్ళీ రోడ్డు చూశాడు.

"నేనే ఏసిన," అన్నాడు ఏసయ్య.

"నువ్వా? ఎందుకురా?"

"ఎండకు పెచ్చులూడుతుండె."

"ఊడితే ఊడనియ్యి. దసరా బొట్టు మాఘమాసం దాక ఉంటదా?"

"ఊడితే నేనే గీకేసిన్నంటరని."

ముత్తవ్వ చెయ్యి అద్దం మీదే ఆగింది. ఎవరంటారు అని అడగబోయింది. అడగలేదు. దసరా నాడు కళ్ళముందుకు వచ్చింది: కల్లంలో కొత్త బండి, చక్రాల కింద నిమ్మకాయలు, బంతిపూల దండ, చేతిలో తన పూజపళ్ళెం. వెనక టైరు కడుగుతూ ఏసయ్య. అతని వెనకనే నిలబడి తాను నరేష్‌తో అన్న మాట. 'యేసును మొక్కేటోడు గద. పండుగ ఎల్లిన తెల్లారికే నా బొట్టు తుడిచి సిలువ అంటిస్తడు చూడు.' అని నవ్వింది. టైరు మీద పోస్తున్న నీళ్ళు అప్పుడు ఆగలేదు. ఆగి ఉంటే విన్నాడని తెలిసేది.

"విన్నవా ఏసయ్యా, నువ్వు ఆ దినం?"

"దేన్ని, అవ్వా?" అన్నాడు ఏసయ్య. అంటూనే అది అబద్ధమని తెలిసిపోతుందని ఊరుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "నాకేం కోపం లేదు. బండి మీది, బొట్టు మీది. అది ఉన్నంతసేపు నా మీద మాట రాదనుకున్న. లోపల లైటున్నదని నాకు గూడ ముందుగాల తెల్వది. చలిల పొద్దూకి జల్ది చీకటైతది గద, అప్పుడు మెరిసింది. చెప్దామనుకున్న. చెప్తే బొట్టు తియ్యాలె. నేను తియ్యమంటే..."

ఏసయ్య ఫోను కండ్ల ముందుకు తెచ్చుకున్నాడు.

"అరవై," అన్నాడు.

ముత్తవ్వ టేపు పూర్తిగా లాగేసింది. తడి కొంగుతో తన బొట్టు తానే తుడిచింది. పసుపు కరిగి కొంగుకు అంటింది. అద్దం వెనక చిన్న నారింజరంగు దీపం బయటపడింది. గొట్టం బొమ్మ, దాంట్లో చుక్కలు.

"గిదా? గింత లైటుకా గంత లొల్లి?"

నరేష్ స్టీరింగ్ మీద అరచేత్తో కొట్టాడు. "నోరు లేదా ఏసన్నా నీకు? 'అవ్వా, బొట్టు జర పక్కకు పెట్టు' అంటే అయిపోవు. ఇంట్ల తింటివి, మా కల్లంల పంటివి. గీ ఒక్కమాట అనరాలేదా?"

"అనాలె. అనలే. నాదే తప్పు."

"వాన్ని అడుగుతున్నవా?" అంది ముత్తవ్వ. "నన్ను అడుగు."

ముత్తవ్వ డబ్బా మూత తీసింది. అక్కకు చేసిన గారెల్లో ఒకటి తీసి ఏసయ్య ముందు పెట్టింది.

"నా నోరు మంచిది కాదు బిడ్డా. గీ చెయ్యి మంచిదే. తిను."

ఏసయ్య తీసుకున్నాడు. వెంటనే తినలేదు. వేళ్ళ మధ్య పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత కొరికాడు.

"నాకు?" అన్నాడు నరేష్.

"నువ్వు రోడ్డు చూడు."

సోన్ దగ్గర బ్రిడ్జికి ఇవతలే మర్లాలి. మర్లే చోట గొర్రెల మంద రోడ్డు దాటుతోంది. తోలేవాడు గొంగడి భుజాన వేసుకుని తీరికగా నడుస్తున్నాడు. నరేష్ బ్రేకు తొక్కాడు. బండి వణికింది. ఇంజన్ ఆగేలా ఉంది.

"క్లచ్చి! క్లచ్చి తొక్కు. ఎక్సలేటరు ఇడువకు." ఏసయ్య అరచేయి గాల్లో తనకు లేని గేరు రాడ్డును పట్టుకుంది. కిటికీలోంచి సగం బయటికి వచ్చి కేకేశాడు. "ఓ తాతా! నీ దండం వెడత, జర ముందటివి కొట్టు!"

"ఏం మునిగిందిరా?"

"మునగలే, కాలుతుంది!"

తాత బండి కింది నుంచి వస్తున్న వేడి సెగను చూసి నిజంగానే భయపడ్డాడు. కర్ర ఊపాడు. గొర్రెలు చీలాయి. నరేష్ మర్లాడు. బండి మళ్ళీ దక్షిణానికి, ఆర్మూర్ వైపు మొహం పెట్టింది. వెనక గోదావరి ఉండిపోయింది. ముత్తవ్వ చూడకుండానే చేతులు జోడించింది.

"ఆగలే," అన్నాడు ఏసయ్య. "దిగుతనే ఉన్నది. నలభై మూడు." అతని గొంతులో పొద్దుటినుంచి లేని జీవం వచ్చింది.

ఇప్పుడు ఎండ నరేష్ వైపుంది. అతను కండ్లు చికిలించి రోడ్డు చూస్తూ రెండుమూడుసార్లు నోరు తెరిచి మూశాడు. చివరికి అన్నాడు.

"ఏసన్నా, పొద్దుగాల షెడ్డు కాడ నేను..."

ఏసయ్య చేతిలో ఫోను మోగింది. అంకెలు పోయాయి. పేరు వచ్చింది.

"భూమేష్ అంట."

"కట్ చెయ్యి!" అన్నాడు నరేష్. మరీ త్వరగా అన్నాడు.

ఏసయ్య కట్ చేద్దామనే అనుకున్నాడు. అంకె కనబడకపోతే అతనికి కాలు చెయ్యి ఆడడం లేదు. కానీ బొటనవేలికి గారె నూనె అంటి ఉంది. వేలు జారింది. గొంతు గట్టిగా వచ్చింది.

"బావా! ధర్పల్లికెల్లి వచ్చి ఇప్పుడే దిగిన. బట్టల సంచి గూడ తెచ్చుకున్న. షెడ్డు కాడ ఉన్న. పాత డ్రైవరు పోయిండా, ఇంకా ఉన్నడా? రేపటికెల్లి బండి నాదే అంటివి గద. అక్క గూడ అన్నది, గదిల మంచమేసిన్నని..."

ఏసయ్య వేలు చొక్కాకు తుడుచుకుని కాల్ ఆపాడు. అంకెలు తిరిగి వచ్చాయి.

"ముప్పై ఒకటి," అన్నాడు.

భూమేష్ అంటే నరేష్ భార్య అశ్విని తమ్ముడు. ఏ పనిలోనూ కుదురుకోలేదు. ముత్తవ్వకు వాడి మీద కోపం లేదు. వాడు ఫోనులో అన్నదాంట్లోనూ తప్పు లేదు. ఆమె కొడుకు మొహం చూసింది. నరేష్ రోడ్డునే చూస్తున్నాడు. చెవులు పసుపు తవ్విన మట్టిలా ఉన్నాయి.

ఏసయ్యే ముందు మాట్లాడాడు. చాలా మామూలుగా. "గిసుంటి బండి నడిపిండా ఆ పిల్లగాడు?"

నరేష్ ఎండకు అడ్డం పలక దించుకున్నాడు.

"బ్రేకు జర ఎడమకు గుంజుతది, చెప్పు. లోడు మీద ఉన్నప్పుడు ఎరుకైతది. డాలా గొళ్ళెం కుడిదిక్కుది సగమే పడతది, కాలుతోని తన్నాలె. వేల్పూర్ చెరువు కట్ట మీద ఎదురు బండొస్తే వెనకకు రావాలె గని ముందటికి పోరాదు, కట్ట మెత్తగున్నది. ఇగ గీ లైటు సంగతి..." ఆగాడు. "గిది ఇప్పుడు మంచిగనే కనవడతది."

"ఏసయ్యా, ఊకో," అంది ముత్తవ్వ. "నరేషూ, వాన్ని ఎప్పుడు పిలిచినవ్?"

"ఇప్పుడెందుకే అవ్వా?"

"ధర్పల్లి నుంచి బట్టల సంచేసుకొని వచ్చిండు. ఇంట్ల మంచమేసిండ్రు. ఎప్పుడు పిలిచినవ్?"

"మొన్న."

"బండి చెడిపోయింది ఇయ్యాల గదరా."

ముత్తవ్వ అన్నది ఆమె చెవులకే ఆలస్యంగా ఎక్కింది. అంటే లైటు కాదు, ఫిల్టరు కాదు. చెడిపోకముందే ఏసయ్యను తీసేశాడు. పొద్దున తాళంచెవి గుంజుకున్నదంతా మీద కప్పిన గుడ్డ.

ఏసయ్య అంకె చెబుతూ పోయాడు. ఇరవై రెండు. పద్నాలుగు. బాల్కొండ కమాను దాటింది. ఎవరూ అటు చూడలేదు. ఆపమని ఎవరూ అనలేదు. ఆపగలిగితే ఎవరో ఒకరు దిగిపోయేవారు. ఆపకూడదు కాబట్టి ముగ్గురూ ఒకరి ఊపిరి ఒకరు వింటూ కూర్చున్నారు.

మీటరు అద్దంలో దీపం ఆరిపోయింది.

నరేష్ చూశాడు. ఏసయ్య ఫోను చూసి తల ఊపాడు. "అయిపోయింది. మొత్తం కాలింది. బండికేం ఫికర్ లేదు." కొంచెం ఆగి అన్నాడు. "ఇగ ఆపొచ్చు. పక్కకు ఆపు."

నరేష్ ఇండికేటరు వేసి ఎడమకు తీశాడు.

"ఈడ కాదు, ఎండుగడ్డి ఉన్నది. అంటుకుంటది. ముందుకు రా... ఇగో, గీ మొరం మీద. ఇంజన్ బందు చెయ్యకు, జర సల్లవడనియ్యి."

బండి ఆగింది. ఇంజన్ మెల్లగా కొట్టుకుంటోంది. ఏసయ్య మొదటిసారి పూర్తిగా నరేష్ వైపు తిరిగాడు.

"కిరాయి అనుమానం ఇయ్యాల పోయింది. బొట్టు సంగతి ఇయ్యాల తెలిసింది. మొన్న ఏం చూసి పిలిచినవ్ వాన్ని? నా తప్పేందో చెప్పు నరేష్. చెప్తే దిగిపోత. గీ స్టీరింగ్ తప్ప నాకు ఇంకో పని రాదని నీకెరుకే. కారణం చెప్పి దించు."

నరేష్ రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టి, తల వాటి మీద పెట్టాడు. అలాగే మాట్లాడాడు.

"నీ తప్పేం లేదే. ఉంటే ఎంత మంచిగుండు. తీసెయ్యనీకి ఏదన్న సాకు దొరుకుతదా అని చూస్తున్న. ఇయ్యాల దొరికింది. గందుకే అందరి ముందట గట్ల ఒర్రిన. లేకుంటే నీ చేతులకెల్లి తాళంచెవి గుంజే ధైర్యం నాకేడిది?"

"సాకు ఎందుకు? పొమ్మంటే పోకపోదునా?"

"పొమ్మంటే ఎందుకు అని అడుగుతవు. చెప్పద్దని ఒట్టేయించుకున్నరు."

"ఎవలు?"

నరేష్ తల ఎత్తాడు. ముత్తవ్వను చూడలేదు. ఏసయ్యను చూశాడు.

"నువ్వు లోడు మీద నిజామాబాద్ పోయిన్నాడు కృప వదిన మా ఇంటికొచ్చింది. కూసో అంటే కూసోలే. నా చేతులు రెండు పట్టుకున్నది. 'మా ఆయనను బండి దించు నరేష్. నీ కాళ్ళు మొక్కుత, ఆయన చేతికి ఇగ స్టీరింగ్ ఇయ్యకు' అన్నది."

ముత్తవ్వ ఏసయ్య మొహంలోకి చూసింది. ఎందుకు అని అడుగుతాడనుకుంది. నీకేమన్నా పిచ్చా, నా పెండ్లాం గట్ల అంటదా అని నరేష్ మీద లేస్తాడనుకుంది.

ఏసయ్య అడగలేదు, కారణం తనకు ముందే తెలిసినట్టు. ఫోనును జాగ్రత్తగా నరేష్ ముందు పెట్టాడు. తర్వాత తన రెండు చేతులూ ఒళ్ళో పరుచుకుని, వాటినే చూస్తూ కూర్చున్నాడు.